37 డిగ్రీలే కదా

రెండేళ్ళ క్రితం, రోహిణి కార్తె చివర్లో, జూన్ మొదటి వారం అనుకుంటా. మా ఊరు కృష్ణా జిల్లాలో దివిసీమ వైపు, సముద్రం గాలి తగిలేంత దగ్గర. నాన్న పొద్దున్నే పొలం గట్టు చూసొస్తానని వెళ్ళి పదకొండున్నరకి వచ్చాడు, అరుగు మీద కూర్చుని అమ్మతో "కళ్ళు తిరుగుతున్నాయే" అన్నాడట, అంతే పక్కకి ఒరిగిపోయాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. నేను హైదరాబాద్‌లో ఉన్నా. అమ్మ ఫోన్ చేసేసరికి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎండ అంత ఎక్కువగా ఉందా అమ్మా" అని. "ఎండేం లేదురా, మబ్బు మబ్బుగానే ఉంది, ఉక్క చంపేస్తంది" అంది. మాట్లాడుతూనే ఫోన్‌లో చూశా, అక్కడ 37. ఆ రోజు హైదరాబాద్‌లో 41. "37 డిగ్రీలే కదమ్మా, ఎండ వల్ల అయ్యుండదు, బీపీ చూపించండి" అన్నా.

డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి నేను. గుప్తోష్ణం (నీరు ఆరేటప్పుడు, ఐస్ కరిగేటప్పుడు మింగే వేడి) మీద లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ మాట ఎలా అనగలిగానో తల్చుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నాన్నకి సెలైన్ పెట్టారు, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు, ఇప్పుడు బానే ఉన్నాడు. కానీ ఆ రోజు అమ్మ చెప్పిందే కరెక్టు, నేను చూసిన నంబరే సగం మాట చెప్పింది. ఈ పోస్టు అందుకే రాస్తున్నా.

అమ్మ ఏమందో మళ్ళీ చూడండి. ఎండ లేదు, ఉక్క ఉంది. మన భాషలో ఈ రెండూ వేరు వేరు మాటలు. వడగాలి వేరు, ఉక్కపోత వేరు. ఒకటి ఒంట్లో నీటిని లాగేస్తుంది, ఇంకోటి ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. ఏ చదువూ లేని మా నాయనమ్మ కూడా ఈ తేడా తప్పకుండా పాటించి మాట్లాడేది. మనమేమో రెండిటినీ కలిపి ఒక్క డిగ్రీల నంబరులో పోసేసి, నంబరు పెద్దదైతే ప్రమాదం, చిన్నదైతే ఫర్వాలేదు అనుకుంటున్నాం. ఇది తప్పు, పైగా ప్రాణాల మీదకి తెచ్చే తప్పు అని నా వాదన. ఎందుకు తప్పో చెప్పాలంటే పొయ్యి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఒక గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టండి. మామూలు 28 డిగ్రీల నీళ్ళు 5 నిమిషాల్లో మరిగాయనుకుందాం. అదే మంట అలాగే ఉంచితే ఆ నీళ్ళన్నీ ఆవిరై గిన్నె ఖాళీ అవ్వడానికి ఎంత టైం పడుతుంది? ఇంకో ఐదో పదో కాదు, 35 నిమిషాలు దాటుతుంది. ఆ 35 నిమిషాలూ మంట మండుతూనే ఉంది, గ్యాస్ ఖర్చవుతూనే ఉంది, కానీ థర్మామీటర్ పెట్టి చూస్తే 100 దగ్గరే ఆగిపోయి ఉంటుంది, కదలదు. మరి ఆ వేడంతా ఎక్కడికి పోయినట్టు? నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడిపించి ఆవిరిగా బయటికి పంపడానికి ఖర్చయిపోయింది. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 దాకా వేడి చెయ్యడానికి 100 కేలరీలు చాలు, అదే 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి 540 కావాలి. ఐస్ కరగడానికి గ్రాముకి 80. ఈ వేడి థర్మామీటర్‌కి కనపడదు కాబట్టే దాన్ని గుప్తోష్ణం అన్నారు, అంటే దాక్కున్న వేడి.

దీన్ని మొదట పట్టుకున్నది జోసెఫ్ బ్లాక్, స్కాట్లాండ్‌లో గ్లాస్గో యూనివర్సిటీలో, 1760ల మొదట్లో. ఆయన చేసిన ప్రయోగం ఎంత సింపుల్‌గా ఉంటుందంటే మన ఇంట్లో కూడా చేసుకోవచ్చు. ఒకే రకం గాజు పాత్రలు రెండు, ఒకదాంట్లో ఐస్, ఇంకోదాంట్లో దాదాపు ఐస్ అంత చల్లగా ఉన్న నీళ్ళు, రెండూ ఒకే బరువు, ఒకే గదిలో పెట్టాడు. నీళ్ళు అరగంటలో ఫారన్‌హీట్ లెక్కలో 7 డిగ్రీలు వేడెక్కాయి. ఐస్ కరిగి అదే వేడికి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. అంటే 21 అరగంటలు. ఆ గది రెండిటికీ ఒకేలా వేడి ఇస్తూనే ఉంది, ఐస్ మాత్రం ఆ వేడంతా మింగేస్తూ పైకి చల్లగానే కనపడింది. అప్పటిదాకా జనం ఏమనుకునేవాళ్ళంటే ఐస్ కరిగే పాయింటుకి వచ్చాక ఇంకాస్త వేడి తగిలితే చాలు మొత్తం నీళ్ళయిపోతుంది అని. అదే నిజమైతే హిమాలయాల్లో మంచంతా ఎండాకాలం మొదటి వారంలోనే ఒక్కసారిగా కరిగి కిందకి వరదలా వచ్చి పడాలి కదా, అలా జరగట్లేదంటే ఈ దాక్కున్న వేడి పుణ్యమే. అదే యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసే పని చేస్తూ ఉన్నాడు జేమ్స్ వాట్. కాస్తంత ఆవిరి తన బరువుకి ఆరు రెట్ల బరువున్న నీటిని మరిగే దాకా ఎలా తీసుకెళ్తోందా అని ఆశ్చర్యపోయి బ్లాక్‌ని అడిగితే అప్పుడు ఆయన ఈ సంగతి చెప్పాడు.

వాట్‌ని ఆశ్చర్యపరిచిన ఆ ఆవిరి మన వంటింట్లో రోజూ ఇడ్లీలు ఉడికిస్తోంది. చల్లటి పిండి మీద ఆవిరి నీరుగా మారిన ప్రతిసారీ ఆ 540 కేలరీలు పిండిలోకి దిగుతాయి. మా పిన్ని ఒకసారి ఇడ్లీ పాత్ర మూత తన వైపుకి ఎత్తింది, మణికట్టు దగ్గర బొబ్బలెక్కింది, నెల రోజులు పట్టింది మానడానికి. మరిగే నీళ్ళు పడినా కాలుతుంది, కానీ ఆవిరి అంతకన్నా ఎక్కువ కాలుస్తుంది. ఒక గ్రాము మరిగే నీళ్ళు చర్మం మీద పడితే ఒంటి వేడికి దిగేలోపు సుమారు 63 కేలరీలు ఇస్తాయి, ఒక గ్రాము ఆవిరి ఆ 63తో పాటు ముందు 540 ఇచ్చేస్తుంది. దాదాపు పది రెట్లు. రెండూ 100 డిగ్రీలే, థర్మామీటర్‌ని అడిగితే రెండూ ఒకటే అంటుంది. అందుకే మూత ఎప్పుడూ అవతలి వైపుకి ఎత్తాలి, పిల్లలకి వంట నేర్పేటప్పుడు ఇది మొదట చెప్పండి దయచేసి. ఇంకో మాట కూడా, పప్పు ఒకసారి తెర్లడం మొదలెట్టాక మంట పెద్దది పెట్టినా ఆ నీళ్ళు 100 దాటవు, ఆవిరి ఎక్కువ పోతుందంతే, పప్పు త్వరగా ఉడకదు. మంట తగ్గించమని అమ్మ అరిచేది ఊరికే కాదు.

సరే, ఒంటి సంగతికి వస్తా, అసలు విషయం అది.

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో అందరికీ తెలుసు, మట్టి కుండకి సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు ఊరి బయట ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి తీసుకుపోతుంది. ఆరడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు, ఏ వేడిలోనైనా ఆరుతుంది, పైగా మామూలు వేడిలో ఆరే నీరు గ్రాముకి ఇంకాస్త ఎక్కువే, సుమారు 580 కేలరీలు పట్టుకుపోతుంది. మన ఒళ్ళు కూడా కుండే. బయట గాలి 35 డిగ్రీలు దాటిందంటే, అంటే మన చర్మం వేడిని దాటిందంటే, గాలికి వేడి ఇచ్చే దారి మూసుకుపోతుంది, గాలే మనకి వేడి ఇస్తుంది. అప్పుడు ఉన్న ఒకే ఒక్క దారి చెమట. పొలంలో గట్టి పని చేసే మనిషి ఒంట్లో గంటకి సుమారు 300 కిలోకేలరీల వేడి పుడుతుంది, అది బయటికి పోవాలంటే గంటకి అర లీటరు చెమట ఆరాలి.

ఆరాలి అన్నా, కారాలి అనలేదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు. కారిన చెమట వేరు, ఆరిన చెమట వేరు. నాన్న చొక్కా పిండితే నీళ్ళొచ్చాయంటే ఆ చెమట ఆరలేదని అర్థం. ఒళ్ళు తన పని తను చేసింది, ఉప్పూ నీరూ ఖర్చుపెట్టింది, కానీ గాలిలో అప్పటికే ఆవిరి నిండా ఉంది కాబట్టి ఆ నీరు ఆరలేక నేల మీద బొట్లు బొట్లుగా పడిపోయింది, వేడి మాత్రం లోపలే ఉండిపోయింది. అంత చెమట పట్టింది కదా ఒళ్ళు చల్లబడే ఉంటుంది అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అనుకున్నా. సరిగ్గా తిరగేసి అర్థం చేసుకోవాలి, వేడిలో పని చేసే మనిషి ఒంటి మీంచి చెమట ధారలు కారుతున్నాయంటే అది చల్లబడట్లేదన్న గుర్తు.

అంతకు ముందు సంవత్సరం ఇంకో సంగతి జరిగింది, అప్పుడే నాకు బుర్రలో వెలగాల్సింది. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఎయిర్ కూలర్ ఏప్రిల్, మే నెలల్లో అద్భుతంగా పనిచేస్తుంది, రాత్రి దుప్పటి కప్పుకుంటాం. అది చూసి అదే మోడల్ ఊళ్ళో అమ్మావాళ్ళకి కొని పంపించా. వారం తిరక్కుండా అమ్మ "ఇదేం కూలర్‌రా, గదంతా చెమ్మ, బట్టలు కూడా తడితడిగా ఉంటన్నాయి, దీనికన్నా ఫ్యానే నయం" అంది. షాపు వాడికి ఫోన్ చేస్తే కిటికీ దగ్గర పెట్టమన్నాడు, పెట్టారు, అయినా అంతే. మెషీన్‌లో లోపం ఏమీ లేదు. కూలర్ అనేది పెద్ద కుండ, గడ్డి ప్యాడ్ మీద నీరు ఆరితేనే గాలి చల్లబడేది. మా ఊళ్ళో గాలికి ఇంకా నీరు తాగే దాహమే లేదు. అమ్మే మనిషి కూడా ఈ మాట ముందే చెప్పాలి, సముద్రం పక్క ఊళ్ళకి కూలర్ అమ్మేటప్పుడు మరీను.

గాలికి ఎంత దాహం ఉందో కొలిచే పద్ధతి ఉంది. థర్మామీటర్ కింద బల్బుకి తడి గుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే, నీరు ఆరిన కొద్దీ అది చల్లబడి ఒక చోట ఆగుతుంది. దాన్నే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమట పట్టిన ఒళ్ళు ఆ గాలిలో మహా అయితే ఎంతవరకు చల్లబడగలదో అది చెప్తుంది. లెక్క వేసి చూపిస్తా. 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 15 శాతం, రామగుండంలోనో నల్గొండలోనో మే మధ్యాహ్నం అనుకోండి, తడి బల్బు సుమారు 23 వస్తుంది. 37 డిగ్రీలు, తేమ 65 శాతం, మా వైపు జూన్ మొదటి వారం అనుకోండి, తడి బల్బు సుమారు 31. టీవీలో చూస్తే మొదటి ఊరు 7 డిగ్రీలు ఎక్కువ, చెమట ఆరడం లెక్కలో చూస్తే రెండో ఊరు 8 డిగ్రీలు ఎక్కువ. పూర్తిగా తల్లకిందులు.

తడి బల్బు 35కి వెళ్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో, ఎన్ని నీళ్ళు తాగినా, కొన్ని గంటలకి మించి బతకడం కష్టమని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. తర్వాత అమెరికాలో పెన్‌స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కుర్రవాళ్ళని గదిలో ఉంచి నిజంగా కొలిచి చూస్తే, 2022లో తేలిందేంటంటే, తేమ గాలిలో 31 దగ్గరే ఒళ్ళు వేడిని అదుపు చేసుకోలేకపోతోంది అని. అది కూడా చిన్న చిన్న పనులు చేసే ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళకి. అరవై దాటిన మా నాన్న పార పట్టుకుని గట్టు వేస్తున్నాడు.

ఎండలు ఎక్కువైతే ప్రమాదం లేదా అంటే, ఉంది, ఎందుకు లేదు. 2015 మే నెలలో ఆంధ్రా, తెలంగాణ కలిపి పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకి పోయారు. పొడి వేడిలో చెమట ఎంత వేగంగా ఆరుతుందంటే పట్టినట్టే తెలీదు, మనిషి ఎండిపోతాడు, తాగే నీళ్ళు అందకపోతే అంతే సంగతులు. ఆ వడగాలిలో నీళ్ళు, మజ్జిగ, ఉప్పు, నీడ కాపాడతాయి, చలివేంద్రం కాపాడుతుంది, తల మీద తడి తువ్వాలు కాపాడుతుంది. ఉక్కలో ఇవి సగమే కాపాడతాయి. నీళ్ళు తాగితే చెమట పడుతుంది, నిజమే, ఆ చెమట ఆరకపోతే ఎవరేం చేస్తారు? అక్కడ పని ఆపాలి, ఫ్యాన్ కింద కూర్చోవాలి, ఒంటి చుట్టూ ఆగిపోయిన తేమ గాలిని కదిలించాలి, లేదా చల్లటి నీళ్ళతో స్నానం చెయ్యాలి. రెండు రకాల వేడికి జాగ్రత్తలు వేరైనప్పుడు హెచ్చరిక ఒకటే ఉంటే ఎలా?

వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో కనీసం 40, కోస్తాలో 37 దాటి, మామూలుగా ఉండాల్సిన దానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పులు అంటారు. మా ఊళ్ళో జూన్ మొదట్లో 37 అనేది మామూలే, కాబట్టి నాన్న పడిపోయిన రోజు ఏ లెక్కలోనూ వడగాడ్పు రోజు కాదు. వాళ్ళని తప్పుపట్టడానికి కాదు ఇది, బులెటిన్‌లలో వేడిగా ఉక్కపోతగా ఉంటుందని ఒక లైన్ రాస్తూనే ఉంటారు, 2023 నుంచి తేమని కూడా కలిపి హీట్ ఇండెక్స్ అని ప్రయోగాత్మకంగా ఇస్తున్నారు. కానీ అది టీవీ దాకా రావట్లేదు. సాయంత్రం వార్తల్లో ఎర్ర అక్షరాలతో 45, 46 అని ఊళ్ళ పేర్లు తిరుగుతాయి, కింద కోస్తా ఊళ్ళకి 36, 37 అని మామూలు రంగులో వేస్తారు. అది చూసి మేస్త్రీ స్లాబ్ పని పెట్టుకుంటాడు, రొయ్యల చెరువు మీద కూలీ మధ్యాహ్నం కూడా మేత చల్లుతాడు. ప్రతి ఊరి డిగ్రీల పక్కన తడి బల్బు నంబరు వెయ్యండి అని అడుగుతున్నా, ఇదేం పెద్ద ఖర్చు కాదు, కొలిచే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి.

ఏసీ ఉంది కదా అంటారు. ఏసీ కూడా ఈ లెక్కకి బయట లేదు. ఒకటిన్నర టన్ను ఏసీ అంటాం కదా, ఆ టన్ను ఏసీ బరువు కాదు, ఐస్ బరువు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐస్ 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి మింగుతుందో అంత వేడి లాగగలిగితే ఒక టన్ను. ఐస్ అంత మింగగలదు కాబట్టే మా వైపు చేపలు నలగ్గొట్టిన ఐస్‌లో పడుకుని లారీల్లో బెంగాల్, అస్సాం దాకా పాడవకుండా వెళ్తున్నాయి. ఇక ఏసీ వెనక పైపులోంచి కారే నీళ్ళు గమనించండి, హైదరాబాద్‌లో మే నెలలో చుక్కలు చుక్కలు, విజయవాడలో, కాకినాడలో బకెట్లు నిండుతాయి. గాల్లో ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు దాచుకున్న వేడంతా తిరిగిచ్చేస్తుంది, 10 లీటర్ల బకెట్ నిండిందంటే దాదాపు 7 కరెంటు యూనిట్లంత వేడిని ఆ ఏసీ అదనంగా బయటికి మోసిందన్నమాట. గది డిగ్రీలు తగ్గించే పని దీనికి వేరే. కోస్తాలో కరెంటు బిల్లు ఎందుకంత వస్తుందో అందులో కొంత జవాబు ఆ బకెట్‌లో ఉంది.

ఆ ఆవిరి ఎక్కడిది? సముద్రానిది. ఇక్కడే ఈ లెక్క నాకు భయం వేసేంత పెద్దదవుతుంది. బంగాళాఖాతం మీద ఎండ పడి ఆరిన ప్రతి లీటరు నీరూ 580 కిలోకేలరీలు మూట కట్టుకుని గాల్లోకి లేస్తుంది. "ఉక్కపోస్తంది, వాన పడుద్ది" అని ఊళ్ళో అంటారే, అది ఉత్త మాట కాదు. తేమ గాలి పైకి లేచి చల్లబడి మబ్బు కట్టేటప్పుడు ఆ మూట విప్పుతుంది, ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, పొడి గాలి కిలోమీటరుకి పది డిగ్రీలు చల్లబడితే మబ్బు కట్టే గాలి దాదాపు సగమే చల్లబడుతుంది, అందుకే ఉరుముల వాన తెచ్చే క్యుములోనింబస్ మేఘం కోటలా 15 కిలోమీటర్లు కూడా లేస్తుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన పడిందంటే పైన మబ్బులో విడుదలైన వేడి సుమారు 6.8 కోట్ల యూనిట్లు. ఒక్క చదరపు కిలోమీటరుకి! తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది.

తుఫానుకి ఇంధనం ఇదే. సముద్రం పైనీరు 26.5 డిగ్రీలు దాటి ఉండాలంటారు, బంగాళాఖాతం అక్టోబర్, నవంబర్‌లలో దానికన్నా వెచ్చగానే ఉంటుంది. భూమి మీదకి రాగానే కింద నుంచి ఆవిరి అందదు కాబట్టి బలహీనపడుతుంది, ఈలోపే చేసేదంతా చేసేస్తుంది. 1977 నవంబర్ 19 నాటి తుఫాను, ఉప్పెన గురించి మా దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నాన్న అప్పుడు ఇంటర్. ఆ ఉప్పెన గురించి ఎక్కువ మాట్లాడడు, అడిగితే "గాలి కన్నా నీళ్ళు వచ్చిన వేగం" అని ఆపేస్తాడు. ఆ గాలినీ ఆ నీటినీ తోసింది సముద్రం మీద ఆరిన నీరు దాచుకున్న వేడే అని ఒకసారి చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "కనపడకుండా ఎంత మోస్తదిరా నీరు" అన్నాడు.

పాత పదో తరగతి పుస్తకంలో ఉష్ణం అని ఒక పాఠం ఉండేది, బాష్పీభవనం (నీరు ఆరడం), సాంద్రీకరణం (ఆవిరి నీరవ్వడం), ఆర్ద్రత (గాలిలో తేమ), అన్నీ ఉండేవి, మంచి పాఠం. కానీ చాలా క్లాసుల్లో అది ఫార్ములా దగ్గర ఆగిపోయేది, ఇంత ఐస్, ఇంత నీరు, చివరికి ఎంత వేడి. నేను అలాగే చదివా. ఆ పాఠంతో కుండనీ, చెమటనీ, కూలర్‌నీ, తుఫానునీ కలిపి చెప్పినవాళ్ళు నాకు లేరు, ఉండుంటే ఆ రోజు ఫోన్‌లో వేరే మాట అనేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు ల్యాబుల్లో వాడే గాజు థర్మామీటర్లు రెండు కొనుక్కెళ్ళా. వరండాలో నీడపట్టున చెక్కకి రెండూ పక్కపక్కన కట్టాం. ఒకదాని బల్బుకి అమ్మ దీపానికి చేసే దూది వత్తి చుట్టి, దాని తోక కింద చిన్న గ్లాసు నీళ్ళలో ముంచాం. వత్తి ఆరిపోకుండా గ్లాసు నింపడం అమ్మ పని, నంబర్లు చూడటం నాన్న పని. తడి నంబరు 29 దాటితే పొలం వెళ్ళకూడదని మా ముగ్గురి ఒప్పందం, ఇది ఏ డాక్టరూ చెప్పిన గీత కాదు, నాన్న వయసుకి మేము గీసుకున్నది. మొదట్లో నా కోసం చూసేవాడు, ఇప్పుడు పక్కింటి కౌలు రైతు కూడా వచ్చి చూసుకుని వెళ్తున్నాడట. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎలా ఉన్నావని నేను అడిగేలోపే మొదలెట్టాడు, "పొడిది 36, తడిది 30 చూపిస్తందిరా, ఇవాళ గట్టు పని రేపటికి పెట్టా, కూలోళ్ళని కూడా ఇంటికి పొమ్మన్నా."